వెనక బ్రేకులు అరిగిపోవు, బిగుసుకుపోతాయి

పాత కారుకి వెనక బ్రేకులు బాగుచేశాం అంటే చాలామంది లెక్కలో కొత్త షూలు (డ్రమ్ము లోపలి గోడకి ఆని చక్రాన్ని ఆపే వంపు ముక్కలు) వేశామనే. డ్రమ్ము ఊడదీయడం, పాత షూలు తీసి కొత్తవి కూర్చోబెట్టడం, స్ప్రింగులు తగిలించి మూసేయడం. నెల తిరక్కుండానే పెడలు మళ్లీ లోతుకు దిగుతుంది. హ్యాండ్‌బ్రేకు ఎనిమిది పళ్లు లాగితే గానీ పట్టదు. రెండు చక్రాల్లో ఒకటి చెయ్యి పెడితే కాలుతుంది. అప్పుడు నింద కొత్త షూల మీద పడుతుంది. తీసి పారేసిన పాత షూలను కొలిచి చూస్తే మాత్రం చాలాసార్లు వాటి మీద ఇంకా సగానికి పైగా లైనింగ్, అంటే రాసుకుని అరిగే పొర, కనిపిస్తుంది. బాగున్నదాన్ని మార్చి, చెడినదాన్ని లోపలే వదిలేశారన్నమాట.

నా వాదన ఇంతే: వెనక బ్రేకులో అరిగి చెడేవి తక్కువ, కదలక చెడేవి ఎక్కువ. ఇంటి దగ్గర వెనక బ్రేకులు విప్పేవాడి అసలు పని కదలాల్సిన ప్రతి ముక్కనీ మళ్లీ కదిలించడం. కొత్త సామాను కొనడం అందులో ఒక చిన్న భాగం.

ఎందుకిలా అంటే, కారు ఆగేటప్పుడు బరువు ముందుకు మళ్లుతుంది. ఇరుసుల మధ్య 2.3 మీటర్ల దూరం, గురుత్వ కేంద్రం నేలకి అర మీటరు ఎత్తులో ఉన్న చిన్న కారుని తీసుకోండి. 0.7 జి (గురుత్వ త్వరణంలో పదింట ఏడు వంతులు) తీవ్రతతో బ్రేకు వేస్తే మొత్తం బరువులో 15 శాతం వెనక చక్రాల మీంచి ముందు చక్రాల మీదికి పోతుంది. నిలబడి ఉన్నప్పుడు సగం సగంగా ఉన్న బరువు 65, 35 అవుతుంది. వెనక చక్రాలు ముందే పట్టేస్తే కారు తోక తిప్పుతుంది కాబట్టి, తయారీదారులు వెనక బ్రేకుని కావాలనే బలహీనంగా పెడతారు. చేసే పని తక్కువ, పుట్టే వేడి తక్కువ, కదిలే దూరం మిల్లీమీటరులో ఓ ముక్క. ఏళ్ల తరబడి, చక్రం సిలిండరులో ఉండి షూలని తోసే పిస్టన్ అదే చోట, అంతే కొంచెం, ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పైగా పాత కారు రోజూ బయటికి రాదు. చేరిన తేమని ఆరబెట్టే వేడి లోపల పుట్టదు. తుప్పుకి ఇంతకంటే ఏం కావాలి?

“వెనకవే కదా, తర్వాత చూద్దాం” అనేవాళ్లకి ఒక మాట. అమెరికాలో 1968 నుంచి కార్లకి రెండు విడి సర్క్యూట్లు, అంటే బ్రేక్ ఆయిలు పోయే రెండు వేరు దారులు, తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు కార్లలో ఎక్కువ భాగం ఒకే సర్క్యూట్‌వి, మరికొన్ని చోట్ల ఆ తర్వాత కొన్నేళ్లు కూడా అవే. ఒకే సర్క్యూట్ కారులో వెనక ఎడమ చక్రం సిలిండరు కారితే, ఖాళీ అయ్యేది నాలుగు చక్రాల బ్రేకు. మహా అయితే 35 శాతం పని చేసే బ్రేకు మిగతాదాన్ని కూడా వెంట తీసుకుపోతుంది.

పనిలోకి దిగే ముందు కారుని లేపే సంగతి. వెనక ఇరుసు నడిపే కారుని వెనక నుంచి లేపితే గేరూ పట్టదు, హ్యాండ్‌బ్రేకూ పట్టదు. ఆ రెండూ పట్టుకునేది గాలిలో ఉన్న చక్రాలనే. నేల మీద మిగిలిన ముందు చక్రాలకి ఏ పట్టూ లేదు. అందుకే ముందు చక్రాలు రెండింటికీ, అటూ ఇటూ, అడ్డుకర్రలు బిగించాలి. ఇరుసు గొట్టం కింద రెండు స్టాండ్లు పెట్టాలి. ఒట్టి జాకీ మీద ఉన్న కారు కింద చెయ్యి కూడా పెట్టకూడదు. డ్రమ్ము ఇరుసు పళ్ల మీదే కూర్చునే కార్లలో మధ్య నట్టుని కారు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి. వోక్స్‌వాగన్ బీటిల్ వెనక నట్టు 36 మిల్లీమీటర్లు, దాని బిగింపు దాదాపు 300 న్యూటన్ మీటర్లు. స్టాండ్ల మీద ఎక్కించాక అంత బలం పెడితే నట్టుకంటే ముందు కారు కదులుతుంది.

ఇప్పుడు అసలు పరీక్షలు. ఇవి విప్పకముందే చేయాలి, విప్పాక చేయలేం. చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. డిఫరెన్షియల్ ఆయిలు బరువు చుట్టూ ఒకేలా తెలుస్తుంది. షూ రాసుకుంటే సర్రుమని వినిపిస్తుంది. డ్రమ్ము గుండ్రంగా లేకపోతే ఒక చోట బిగిసి ఇంకో చోట వదులవుతుంది. తర్వాత తోడు మనిషి పెడలు గట్టిగా తొక్కి వదలాలి. వదిలాక కూడా చక్రం పట్టుకునే ఉంటే, ఆ చక్రం బ్లీడర్ నిపుల్ని (సిలిండరులోంచి గాలినీ ఆయిల్నీ బయటికి వదిలే చిన్న మర ముక్క) అర తిప్పు వదలండి. కొంచెం ఆయిలు చిమ్మి చక్రం వదులైతే ఒత్తిడి లైనులోనే ఇరుక్కుందని అర్థం. పాత కార్లలో దీనికి మొదటి ముద్దాయి ఇరుసుకి వచ్చే రబ్బరు హోసు. పైకి నిగనిగలాడుతూ ఉంటుంది కానీ లోపలి గోడ ఉబ్బి, ఆయిల్ని ఒకవైపే పోనిచ్చే తలుపులా తయారవుతుంది. కాలి బలానికి ఆయిలు లోపలికి పోతుంది, స్ప్రింగు బలానికి వెనక్కి రాదు. రెండు వెనక చక్రాలూ ఒకేసారి పట్టేశాయంటే అనుమానం దాదాపు రుజువైనట్టే, ఎందుకంటే ఒకే ముక్క ఇరుసున్న కార్లలో మామూలుగా రెండింటికీ హోసు ఒక్కటే. ఖాయం చేసుకోవాలంటే హోసుకి మాస్టర్ సిలిండర్ (పెడలు తొక్కితే ఆయిల్ని తోసే సిలిండరు) వైపున్న జాయింటు వదిలి చూడాలి. అక్కడ వదిలినప్పుడు చక్రాలు తిరిగితే తప్పు హోసుకీ ముందే, అంటే మాస్టర్ సిలిండరులో. తిరక్కపోతే హోసుదే.

నిపుల్ వదిలినా చక్రం కదలకపోతే గొడవ డ్రమ్ము లోపల, లేదా హ్యాండ్‌బ్రేకు కేబులులో. కేబుల్ని బ్యాక్‌ప్లేటు (డ్రమ్ము వెనక తిరక్కుండా ఉండే, షూలని మోసే రేకు) వెనకున్న లీవరు నుంచి విడదీస్తే ఆ రెండూ తేలిపోతాయి. ఈ పావుగంట పరీక్షలు చేయకుండా డ్రమ్ములు ఊడదీసినవాళ్లు హోసు తప్పుకి స్ప్రింగులు మారుస్తారు.

డ్రమ్ము తీయడానికి ముందు దుమ్ము సంగతి. పాత కారులో ఏ లైనింగ్ ఏ ఏటిదో చెప్పలేం. ఆస్బెస్టాస్‌దే అనుకుని పని చేయాలి. బ్రిటన్‌లో కూడా తెల్ల ఆస్బెస్టాస్ నిషేధం 1999లో గానీ రాలేదు. కంప్రెసర్ గాలి కొట్టడం, పొడి బ్రష్షుతో దులపడం, ఇంటి వాక్యూమ్‌తో పీల్చడం, మూడూ వద్దు. సబ్బు నీళ్లు చిమ్మి తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో మూతి కట్టేయాలి. సన్నటి దుమ్ముని ఆపే ఎఫ్ఎఫ్‌పీ3 రకం మాస్కు పెట్టుకోవాలి.

డ్రమ్ము రాకపోతే సుత్తి ఎత్తే ముందు అడ్జస్టర్ని, అంటే షూలని డ్రమ్ముకి దగ్గరగా జరిపే మరని, పూర్తిగా వెనక్కి తిప్పండి. డ్రమ్ము లోపల షూ అరగదీసిన చోట గాడి పడుతుంది, అంచున తుప్పు గట్టు మిగులుతుంది. షూలు విప్పారి ఉంటే ఆ గట్టుకి తగులుకుంటాయి, ఎంత లాగినా రాదు. హబ్ చుట్టూ తుప్పు పట్టిన చోట తుప్పు వదిలే ఆయిలు వేసి, ఒక పూట ఆగండి. చాలా డ్రమ్ములకి రెండు మర రంధ్రాలు ఉంటాయి. అందులో బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి, పావు తిప్పు చొప్పున బిగిస్తే డ్రమ్ము తనంతట తను బయటికి వస్తుంది. అంచు మీద ఇనప సుత్తితో కొడితే పోత ఇనుము చిట్లుతుంది. శంకువులాంటి ఇరుసు మీద తాళంచెవి ముక్కతో కూర్చునే డ్రమ్ములకి పుల్లర్ (పట్టుకుని బయటికి లాగే పనిముట్టు) తప్పదు. అప్పుడు నట్టుని పూర్తిగా తీయకుండా నాలుగు మరలు మిగిల్చి ఉంచాలి. ఆ డ్రమ్ము వదిలినప్పుడు తుపాకీ గుండులా వస్తుంది.

డ్రమ్ము వచ్చాక వెంటనే ఏదీ ముట్టుకోకండి. ఫోటో తీయండి. స్ప్రింగులు ఏ రంధ్రంలో, షూకి ముందా వెనకా, ఏ షూ లైనింగ్ పొడుగు, అన్నీ కనిపించాలి. రెండు వైపులూ ఒకేసారి విప్పొద్దు, రెండోది నమూనాగా ఉండనివ్వండి. కానీ అది అద్దంలో బొమ్మ అని గుర్తుంచుకోవాలి, ఎడమ కుడి తారుమారవుతాయి. అమెరికన్ కార్లలో ఎక్కువగా కనిపించే డ్యుయో-సర్వో రకంలో (ఒక షూ రెండోదాన్ని తోసే ఏర్పాటు) పొట్టి లైనింగ్ ఉన్న షూ ముందుకి, పొడుగుది వెనక్కి. ఇది తిరగేస్తే బ్రేకు పట్టినట్టే ఉంటుంది కానీ సరిగ్గా పని చేయదు.

లోపల తడి కనిపిస్తే అది ఏ తడో తేల్చుకోవాలి. బ్రేక్ ఆయిలు, ఇరుసు ఆయిలు రెండూ దుమ్ముతో కలిసి ఒకే నల్ల బురద అవుతాయి. ఒక చుక్క నీళ్లలో వేయండి. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిలు నీళ్లలో కలిసిపోతుంది, ఇరుసు ఆయిలు తేలుతుంది. పైగా ఇరుసు ఆయిలుకి గంధకం కంపు ఉంటుంది. బ్రేక్ ఆయిలైతే సిలిండరు కారుతోంది. ఇరుసు ఆయిలైతే హబ్ సీలు పోయింది. సీలు మార్చి ఊరుకుంటే చాలదు. ఇరుసు గొట్టం మీద గాలి పోయే చిన్న బ్రీదర్ ఉంటుంది, దాన్ని చూడండి. అది మట్టితో మూసుకుపోతే, వేడెక్కిన ఇరుసు లోపలి గాలి బయటికి పోవడానికి సీలునే దారి చేసుకుంటుంది. కొత్త సీలు కూడా అదే దారి పడుతుంది. తడిసిన లైనింగ్ ఏదైనా పారేయాల్సిందే. పెట్రోలుతో కడిగినా, మంట మీద కాల్చినా పైపైన ఆరుతుంది. మొదటి సారి గట్టిగా వేడెక్కినప్పుడు లోపలి ఆయిలు మళ్లీ పైకి తేలుతుంది.

ఇక వీల్ సిలిండరు. రబ్బరు బూట్లు తీసి చూస్తే పిస్టన్ ఆగే చోటికి కాస్త బయటగా, గుంత (పిస్టన్ జారే లోపలి రంధ్రం) అడుగున, చిలుము కనిపిస్తుంది. గ్లైకాల్ బ్రేక్ ఆయిలు (డాట్ 3, డాట్ 4 ఈ రకమే) గాలిలోంచి తేమని లాగుతుంది. అది లోపలి నుంచి తుప్పు పట్టిస్తే, బూటు కింద చేరిన తడి బయటి నుంచి పట్టిస్తుంది. కొత్త షూలు వేసినవాళ్ల సిలిండర్లు వెంటనే కారడం మొదలెడతాయి కదా, దానికి కారణం ఇక్కడుంది. అరిగిన షూలతో పిస్టన్ ఏళ్లుగా బయటి వైపు నిలబడి పని చేసింది. కొత్త మందపాటి షూలు పిస్టన్‌ని వెనక్కి నెట్టి, ఎన్నేళ్లుగానో రబ్బరు తగలని గరుకు చోట కూర్చోబెడతాయి. పిస్టన్ దగ్గర ఆయిల్ని ఆపే రబ్బరు కప్పు పెదవి చిరిగిపోతుంది. షూలు మార్చడం వల్ల చెడిందని అనుకుంటారు. చెడింది ముందే, షూలు దాన్ని బయటపెట్టాయంతే.

సిలిండరు గుంతని గోరుతో గీకి చూడండి. గోరు తగులుకుంటే కొత్తది వేయాలి, లేదా ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ గానీ స్లీవ్ వేయించాలి. ఒట్టి మరకలైతే సన్నటి హోన్‌తో (లోపలి గోడని రుద్ది నునుపు చేసే పనిముట్టు) నాలుగు తిప్పులు తిప్పితే పోతాయి. అల్యూమినియం సిలిండర్లకి హోన్ పెట్టకూడదు, లోపలి గట్టి పూత పోతుంది. నన్నడిగితే, సరైన కొత్త సిలిండరు దొరుకుతున్నప్పుడు పాతదాన్ని బతికించబోవడం దండగ. సరైనది అన్న మాట మీదే నిలబడాలి. 5/8 అంగుళాల సిలిండరు ఉండాల్సిన చోట 3/4 అంగుళాలది “పెద్దదే కదా, ఇంకా మంచిది” అని వేస్తే పిస్టన్ వైశాల్యం 44 శాతం పెరుగుతుంది. వెనక చక్రాలు ముందే లాక్ అవుతాయి. తడి రోడ్డు మలుపులో ఆ 44 శాతం ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. పైకి ఒకేలా కనిపించే సిలిండర్లు వేర్వేరు గుంతలతో ఒకే కారు మోడల్‌లోనే వచ్చాయి, మినీ దీనికి పేరు పొందింది. పాతదాని ఒంటి మీద పోతలో ఉన్న అంకె చదివి, కొత్తదాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి గానీ బిగించొద్దు.

కప్పులు మార్చేటప్పుడు పెదవి ఆయిలు వైపు చూడాలి. కొత్త బ్రేక్ ఆయిలుతో గానీ ఎర్ర రబ్బరు గ్రీజుతో గానీ తడిపి ఎక్కించాలి. మామూలు గ్రీజు, ఇంజిన్ ఆయిలు, డీజిలు, పెట్రోలు వీటిలో ఏది తగిలినా ఆ రబ్బరు ఉబ్బి జిగురవుతుంది. ఆయిలు డబ్బాలో పొరపాటున ఒక్క చెంచా ఇంజిన్ ఆయిలు పడినా సిస్టంలో ఉన్న ప్రతి రబ్బరూ మార్చాల్సిందే. ఎం.జి.బి.లాంటి కార్లలో సిలిండరుని పట్టి ఉంచేది వెనకవైపు ఒక క్లిప్పు. దానితో గంటలు గంటలు కుస్తీ పడతారు. సిలిండరుని ముందు నుంచి బ్యాక్‌ప్లేటుకి అదిమి కట్టేసి, వెనక నుంచి సరైన సైజు సాకెట్‌తో క్లిప్పుని చుట్టూ సమానంగా తోస్తే ఐదు నిమిషాల పని.

అసలు ఎక్కువమంది చూడకుండా వదిలేసేది సిలిండరు జారే రకం. ట్రయంఫ్ హెరాల్డ్, స్పిట్‌ఫైర్‌లాంటి కార్లలో వెనక సిలిండరుకి ఒకే పిస్టన్. పిస్టన్ ఒక షూని తోస్తే, ఎదురు బలానికి సిలిండరు ఒళ్లే బ్యాక్‌ప్లేటు గాడిలో వెనక్కి జారి రెండో షూని తోయాలి. గాడిలో తుప్పు పట్టి సిలిండరు ఇరుక్కుంటే ఒక షూ మాత్రమే పని చేస్తుంది. పెడలు గట్టిగానే ఉంటుంది, ఆయిలు కారదు, లైనింగ్ కొత్తదే, అయినా బ్రేకు సగమే. ఒక షూ బాగా అరిగి రెండోది కొత్తదానిలా ఉందంటే ముందు ఈ గాడినే చూడాలి. అయితే ముందు షూ వెనక షూకంటే కాస్త ఎక్కువ అరగడం మామూలే. డ్రమ్ము తిరిగే దిశ ముందు షూని లోపలికి లాక్కుంటుంది, వెనకదాన్ని తోసేస్తుంది. తేడా మరీ ఎక్కువైతేనే అనుమానించాలి. గాడి అంచులూ పట్టీలూ మెరిసేదాకా శుభ్రం చేసి, పల్చగా సిరామిక్ గ్రీజు పూసి, సిలిండరు బొటనవేలి ఒత్తిడికి ఇటూ అటూ జారాలి. జారకపోతే ఆ వైపు పని మొదలుకానట్టే లెక్క.

అదే కన్నుతో బ్యాక్‌ప్లేటు చూడండి. షూ అంచు ఆనుకుని జారే ఎత్తు గుబ్బలు చాలా కార్లలో షూకి మూడు చొప్పున ఆరు ఉంటాయి. ఏళ్ల రాపిడికి వాటిలో గాడి పడుతుంది. షూ ఆ గాడిలో తగులుకుని బ్రేకు వదిలాక ఆలస్యంగా, ఠక్కున వెనక్కి వస్తుంది. స్ప్రింగు బలం తగ్గిందని కొత్త స్ప్రింగు వేస్తే ఇంకా పెద్ద ఠక్కు వస్తుంది. గాడి లోతుగా ఉంటే వెల్డింగ్ చుక్క వేసి సమంగా అరగదీయాలి, తక్కువైతే ఆకురాయితో చదును చేస్తే చాలు. తర్వాత గుబ్బ మీద గోధుమ గింజంత గ్రీజు. అంతకు మించితే వేడికి కరిగి లైనింగ్ మీదికి పాకుతుంది.

అడ్జస్టర్ మీద కొంచెం కోపంగానే రాయాలి. మినీ, ఎం.జి.బి.లాంటి బ్రిటిష్ కార్లలో బ్యాక్‌ప్లేటు వెనక 1/4 అంగుళం చదరపు తల ఉంటుంది. దానికి ప్రత్యేకమైన బ్రేకు పానా ఉంది. అది వాడకుండా సర్దుబాటు పానాతో, కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పి తల గుండ్రం చేసినవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత అడ్జస్టర్ ఎవరికీ లొంగదు, పెడలు లోతుకు పోతూ ఉంటుంది, హ్యాండ్‌బ్రేకు కేబులు బిగిస్తూ పోతారు. షూలు తీసి ఉన్నప్పుడే అడ్జస్టర్‌కి రెండు వైపులా తుప్పు ఆయిలు పట్టించి, ఒక రోజు నానబెట్టి, కొంచెం ముందుకి కొంచెం వెనక్కి ఊపుతూ చివరిదాకా తిప్పాలి. ఒకే వైపు బలంగా తిప్పితే తెగుతుంది. పూర్తిగా బయటికి తీసి, మరలు తీగ బ్రష్షుతో రుద్ది, రాగి గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించాలి. వేళ్లతో తిరిగేంత తేలిగ్గా ఉండాలి. తల ఇప్పటికే గుండ్రమైతే కొత్త అడ్జస్టర్ వేయడమే మేలు. బీటిల్ రకం నక్షత్రపు చక్రాలకీ ఇదే వైద్యం.

డ్రమ్ముల మీద ఎక్కువ చెప్పను. గరిష్ఠ వ్యాసం చాలావాటి మీద పోతలోనే రాసి ఉంటుంది. లేకపోతే ఆ కారు వర్క్‌షాప్ పుస్తకంలో చూడాలి. లేత్ పట్టిస్తే రెండు వైపులూ ఒకే కొలతకి పట్టించాలి, లేకుంటే కారు ఒక పక్కకి లాగుతుంది. పట్టించాక డ్రమ్ము లోపలి వ్యాసం పెరిగి, కొత్త షూ మధ్యలోనే తగులుతుంది, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బ్రేకు మెత్తగా అనిపిస్తుంది. షూ వంపుని డ్రమ్ముకి సరిపోయేలా అరగదీసే వసతి ఉంటే ఆ బాధ తప్పుతుంది. అంటించిన లైనింగ్ 1.5 మిల్లీమీటర్ల కంటే పల్చబడితే మార్చాలి. రివెట్లు కొట్టిన లైనింగ్‌లో కొలవాల్సింది రివెట్ తల మీద మిగిలిన మందం, అది 0.8 మిల్లీమీటర్లకి దిగితే చాలు, మార్చేయాలి. స్ప్రింగులు మాత్రం అడక్కుండా కొత్తవి వేయండి. అవి వేడికీ వయసుకీ సాగిపోతాయి, కంటికి తెలియదు.

లోహపు గొట్టాల దగ్గర ఒక ఉచ్చు ఉంది. పాత బ్రిటిష్, అమెరికన్ కార్లలో మామూలుగా 3/8 అంగుళాల యు.ఎన్.ఎఫ్. నట్టు, అంగుళానికి 24 మరలు. తర్వాతి మెట్రిక్ కార్లలో ఎం10, ఒక మిల్లీమీటరు పిచ్. మొదటిది 9.5 మిల్లీమీటర్లు, రెండోది 10, మరల మధ్య దూరం దాదాపు ఒక్కటే. కంటికి కవల పిల్లలు. యు.ఎన్.ఎఫ్. నట్టు ఎం10 రంధ్రంలో వేళ్లతోనే చక్కగా ఎక్కుతుంది, బిగించేటప్పుడు మరలు కొరుక్కుపోతాయి, లేదా ఇంకా ఘోరంగా, బిగిసినట్టే ఉండి గట్టిగా తొక్కిన రోజు ఊడి వస్తుంది. గొట్టం చివరి ఫ్లేరు (విప్పార్చిన అంచు) కూడా రెండు రకాలు, ఒకటి 45 డిగ్రీల జోడు మడత, ఇంకోటి బుడగలా ఉబ్బినది. ఒకదాని చోట ఇంకోటి ఎంత బిగించినా కారుతుంది. తుప్పు పట్టిన ఉక్కు గొట్టం తీసేస్తే రాగి నికెల్ గొట్టం వేయడం మేలు. అది తుప్పు పట్టదు, చేత్తో తేలిగ్గా వంగుతుంది. హోసు గతి ఎలా ఉన్నా, ఇంత విప్పాక కొత్తది వేయకపోవడం పొదుపు కాదు.

బ్రేక్ ఆయిలు దగ్గర పాత కార్ల వాళ్లు రెండు మతాలు. డాట్ 5 సిలికాన్ రంగుని పాడుచేయదు, తేమని పీల్చుకోదు, కాబట్టి నిలబెట్టిన కారుకి అదే అమృతం అని ఒక పక్షం. పీల్చుకోని తేమ మాయమైపోదు. చుక్కలుగా కిందికి దిగి సిలిండరు అడుగున చేరుతుంది, అక్కడే తుప్పు పట్టిస్తుంది. పైగా సిలికాన్ గాలి బుడగల్ని త్వరగా వదలదు. గ్లైకాల్ ఆయిలుతో అసలు కలవకూడదు కాబట్టి సిస్టం మొత్తం రబ్బర్లతో సహా మార్చాకే పోయాలి. నేను రెండో పక్షం: డాట్ 4, రెండేళ్లకోసారి మార్పు. కొత్తప్పుడు డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. రంగు మీద పడితే రుద్దకుండా వెంటనే నీళ్లు పోయాలి. సహజ రబ్బరు సీళ్లున్న చాలా పాత కార్ల విషయంలో మాత్రం ఆ కారు పుస్తకం ఏం చెబితే అదే.

వెనకా డిస్కులు పెట్టేస్తే ఈ బాధలన్నీ పోతాయనే వాదన కూడా ఉంది. పోవు, మారతాయి. వెనక చేయాల్సిన, మహా అయితే 35 శాతం పనికి డ్రమ్ము చాలినంత బ్రేకు. డిస్కు పెడితే ముందు వెనక నిష్పత్తి మళ్లీ లెక్కవేయాలి, హ్యాండ్‌బ్రేకుకి వేరే ఏర్పాటు చూడాలి, డిస్కుని నొక్కి పట్టే కాలిపర్‌లో కదలని పిస్టన్ కూడా సిలిండరు లాగే బిగుసుకుంటుంది.

కూర్చడం విప్పడానికి తిరగేసిన వరస, అంతకంటే ఏం లేదు. చేతుల గ్రీజు లైనింగ్‌కి అంటకుండా షూల మీద కాగితపు టేపు అంటించి, డ్రమ్ము ఎక్కించే ముందు పీకేయండి. ఆయిలు లైనులోంచి గాలి తీసేటప్పుడు మాత్రం మూడు సంగతులు. ఒకటి, అడ్జస్టర్లు పూర్తిగా బిగించి చక్రాలు లాక్ చేసి గాలి తీయాలి. షూలు డ్రమ్ముకి ఆని ఉంటే పిస్టన్లు కదిలే చోటు ఉండదు, తోసిన ఆయిలంతా గాలిని వెంటబెట్టుకుని నిపుల్ దగ్గరికే పోతుంది. రెండోది, పాత మాస్టర్ సిలిండరు ఉన్న కారులో పెడల్ని నేలకి తొక్కకూడదు. మామూలుగా పిస్టన్ ఎప్పుడూ వెళ్లని లోతులో గుంత తుప్పు పట్టి ఉంటుంది. ఒక్కసారి అక్కడిదాకా తొక్కితే కప్పు గీసుకుపోతుంది, సాయంత్రానికి పెడలు నిలవదు. పెడల్ కింద చెక్క ముక్క పెట్టి ఆపండి. మూడోది, తీసిన ఆయిల్ని మళ్లీ పోయొద్దు, మూత తీసి చాలా కాలమైన డబ్బా కూడా వద్దు. మాస్టర్ సిలిండరుకి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం ఆనవాయితీ, పుస్తకం వేరే వరస చెబితే అదే పాటించాలి. నిపుల్ విప్పడానికి ఆరు మూలల రింగు పానా వాడండి. బిగుసుకుంటే వేడి చేసి, తల మీద చిన్నగా తట్టి, బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పాకే విప్పే వైపు తిప్పాలి.

హ్యాండ్‌బ్రేకు ఆఖరిది. దీన్ని మొదట చేసేవాళ్ల వల్లే సగం వెనక బ్రేకులు చెడతాయి. కేబులు పూర్తిగా వదులు చేసి, ముందు షూలు సరిచేయాలి: చక్రం లాక్ అయ్యేదాకా అడ్జస్టర్ బిగించి, చక్రం కాస్త రాసుకుంటూ తిరిగేదాకా వెనక్కి. చదరపు తల అడ్జస్టర్లలో పావు తిప్పుకి ఒక మెట్టు తగులుతుంది, మామూలుగా ఒకటి రెండు మెట్లు చాలు. తర్వాత పెడలు గట్టిగా రెండు మూడు సార్లు తొక్కితే షూలు డ్రమ్ము మధ్యకి సర్దుకుంటాయి, అప్పుడు మళ్లీ చూడాలి. ఇది రెండు మూడు సార్లు తిరగాలి. ఆ తర్వాతే కేబులు, మూడు నాలుగు పళ్లకి పట్టేలా. కేబుల్ని షూ అరుగుదలకి మందుగా వాడితే, లోపలి లీవరు షూలని ఎప్పుడూ కొంచెం విప్పార్చి ఉంచుతుంది. షూలు తమ ఆసరా మీద కూర్చోవు, అడ్జస్టర్ చేసే పని వృథా అవుతుంది, పెడలు ఎత్తు రోజుకో రకంగా ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు వదిలినప్పుడు బ్యాక్‌ప్లేటు వెనక లీవర్లు పూర్తిగా వెనక్కి వచ్చి ఆగుతున్నాయో లేదో కింద దూరి కంటితో చూడాలి. మినీలో వెనక చేతుల మీద కేబులు మలుపు తిరిగే చిన్న ఫలకాలు ఉంటాయి, అవి పిన్నుల మీద బిగుసుకుపోతే కేబులు కొత్తదైనా వదలదు.

కొత్త లైనింగ్‌ని యాభై కిలోమీటర్ల వేగం నుంచి మెత్తగా ఇరవై ముప్పై సార్లు ఆపి, మధ్యలో చల్లారనిస్తూ పట్టు తేవాలి. మూడొందల కిలోమీటర్ల తర్వాత అడ్జస్టర్లు మళ్లీ ముట్టుకోవాలి, కొత్త లైనింగ్ గరుకు తొందరగా కూర్చుంటుంది. అప్పుడే బ్యాక్‌ప్లేటు అడుగున వేలు పెట్టి తడి ఉందేమో చూడండి, రెండు డ్రమ్ముల వేడీ దగ్గర దగ్గరగా ఉందేమో చూడండి. ఆ తర్వాత కారుని నెల రోజులు కదపకుండా ఉంచబోతే హ్యాండ్‌బ్రేకు వదిలి చక్రాలకి అడ్డుకర్రలు పెట్టాలి. లాగి ఉంచితే తడి వాతావరణంలో లైనింగ్ డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతుంది. మళ్లీ కదిపినప్పుడు ఒక్కోసారి ఠప్పుమని ఊడి వచ్చేది షూ కాదు, దాని మీద అంటించిన లైనింగ్.